పంతొమ్మిదో కనెక్టరు

పిల్లలూ, ఫోనులో "బాగున్నావా చిన్నమ్మమ్మా" అని ఒక్క ముక్క అనేసి పక్కకి జారుకుంటారు చూడండి, ఆవిడ కథ ఇది. మీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. తప్పు నాదే. ఇవాళ, రేపు అంటూ ఏళ్లు గడిపేశాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, వినండి.

అప్పటికి ఆవిడకు ముప్పై ఏళ్లు. కార్ల షెడ్లుండే వీధిలో అందరూ వైర్లక్క అనేవారు. పొద్దున్నే వచ్చి షట్టరు ఎత్తడం, కాలిపోయిన ఫ్యూజులు మార్చడం, తెగిన తీగలు అతకడం ఆవిడ పని. ఇంజన్లు వాళ్లన్నయ్య చూసుకునేవాడు. చిన్నప్పుడు జ్వరానికి పొడిచిన సూది నరానికి తగిలి, ఆవిడ ఎడమ కాలు మోకాలి కింద మొద్దుబారిపోయింది. గిల్లినా తెలియదు, వేడి నీళ్లు పడినా తెలియదు. తొడ బలంతో కాలెత్తి అడుగు వేసేది.

తీగ చివరుండే కనెక్టరు ఏదైనా సరే, ఊడదీసి గుప్పిట్లో పట్టుకుంటే అది ఏ పనిదో ఆవిడకు ఒంట్లో తెలిసేది. ఇంజన్ వేడిని చెప్పేదైతే నుదురు కాలిపోయేది. ఫ్యానుదైతే మెడ వెనక చల్లగాలి తగిలేది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టరుదైతే నోట్లో నీళ్లూరేవి. దీన్ని వీధిలో ఎవరూ వింతగా చెప్పుకోలేదు. కొందరికి ఎడమచేతి వాటం ఉంటుంది, ఈవిడకు ఇది ఉంది, అంతే. పక్క షెడ్డు పెయింటరు మాత్రం తన బండి వంతు ఆలస్యమైతే, "అక్కా, నా తీగ కూడా ఓసారి పట్టుకుందూ, నీకు పుణ్యముంటుంది" అని సణిగేవాడు.

వాళ్ల నాన్న పోతూ పోతూ షెడ్డు కొడుక్కీ, తన పాత కారు కూతురికీ రాశాడు. ఆ కారు ఇంజను పట్టేసి, మూడేళ్లుగా మూలన పడి ఉంది. ఆ ఏడు రవాణా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కదలని పాత బళ్లన్నీ తుక్కు కిందికి పోతాయట. శుక్రవారం మూడు గంటలకు ఆఫీసరు వస్తాడు. బండి ఎవరి పేరున ఉందో వాళ్లే స్టార్టు చేసి, షెడ్డు ముందు పది గజాలు ముందుకీ, పది గజాలు వెనక్కీ నడిపి చూపించాలి. లేదంటే అప్పటికప్పుడు లారీలో ఎత్తుకుపోతారు.

"నా పేరుకి మార్చవే, నేను నడుపుతా," అన్నాడు అన్నయ్య. "నడపలేని కారు నీకెందుకు?"

"నాన్న నాకు రాశాడు. నీకు షెడ్డు చాలదా?"

"చాలక కాదే తల్లీ. ఆ కాలుతో ఎలా నడుపుతావని!"

"అది నేను చూసుకుంటా. నువ్వు ఇంజను దింపు."

దింపాడు. పాపం, మనసు పెట్టే చేశాడు. గుద్దుకుని నుజ్జయిన వేరే కారులోంచి మంచి ఇంజను తెచ్చి, గొలుసు కప్పీతో లేపి కూర్చోబెట్టాడు. వైర్లక్క వైర్ల కట్టంతా ఊడదీసి, పంతొమ్మిది కనెక్టర్లకూ పెన్సిలుతో రాసిన చీటీలు కట్టింది. గురువారం మధ్యాహ్నం అన్నం తినొచ్చేసరికి, అన్నయ్య ఆ కట్టను సబ్బునీళ్ల తొట్టిలో పడేసి బ్రష్షుతో రుద్దుతున్నాడు. చీటీలు గుజ్జయి తేలుతున్నాయి.

"అన్నయ్యా! అవి వైర్లా, నీ బనియన్లా?"

"ఆఫీసరు చూసేసరికి తళతళలాడాలి కదా అనీ..." అంటూ ఆయన బ్రష్షు వెనక్కి దాచుకున్నాడు.

కనెక్టర్లతో వచ్చిన చిక్కేమిటంటే, చాలావాటికి మూతులు ఒకేలా ఉంటాయి. తప్పు చోట దూర్చినా దూరతాయి, ఆపైన ఏదో ఒకటి కాలిపోతుంది. అందుకని శుక్రవారం తెల్లారగానే ఆవిడ ఆరిన కట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒకటి పట్టుకుంటే పళ్లు టకటకలాడాయి. ఇంజను లోపలి అదురును కనిపెట్టేది అది. ఇంకోటి పట్టుకుంటే మెడ దానంతటదే వెనక్కి తిరిగింది. రివర్సు లైటు. నాలుగు ఇంజెక్టర్లు తేలేసరికి గుటకలు మింగలేక కొంగుతో మూతి తుడుచుకుంది. మధ్యాహ్నం రెండింటికి పద్దెనిమిది వాటి వాటి చోట కూర్చున్నాయి.

పంతొమ్మిదోది నల్లగా, రెండు కన్నాలతో, పొడుగాటి తీగ చివర ఉంది. గుప్పిట్లో పట్టుకుంటే ఏమీ తెలియలేదు. కుడి చేత్తో, ఎడమ చేత్తో, కళ్లు మూసుకుని... ఉహూఁ. పోనీ అని తాళం తిప్పింది. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలిగాయి కానీ ఇంజను కిక్కురుమనలేదు.

"అది ఈ ఇంజనుకి అక్కర్లేనిదే అయ్యుంటుంది. కోసేసి టేపు చుట్టు," అన్నాడు అన్నయ్య కటింగ్ ప్లేయరు అందిస్తూ.

"కొయ్యను."

"ఒంట్లో ఏం తెలియట్లేదన్నావుగా?"

"తెలియట్లేదన్నాను. పని లేనిదని అనలేదు."

అప్పటికే ఆఫీసరు వచ్చేశాడు. వెనకే లారీ కూడా. "ఏమ్మా, అవుతుందా?"

"అవుతుంది."

"ఎప్పుడు?"

"మూడని రాసింది మీరే. ఇంకా పది నిమిషాలుంది. ఎండలో ఎందుకు, నీడకి రండి."

ఆవిడ కింద చతికిలబడింది. నుదురు, మెడ, పళ్లు, గొంతు, అన్నీ పలికాయి. ఇది ఎక్కడా పలకదేం? తనలో పలికినా తనకి వినిపించని చోటు ఏది? అడగాల్సిన పనే లేదు. తెలియకపోతే పోయింది, కళ్లున్నాయిగా. ఎడమ బూటు తాడు విప్పి, లాగి పడేసింది. మేజోడూ తీసేసింది. కనెక్టరును గుప్పిట్లో బిగించి పాదం వంక చూసింది.

పాదం కిందికి నొక్కుతోంది. నెమ్మదిగా పైకి లేస్తోంది. మళ్లీ నొక్కుతోంది. ఆవిడకు మాత్రం ఏమీ తెలియడం లేదు. ఇందాకట్నుంచీ బూటు లోపల అది అలా జవాబు చెబుతూనే ఉంది కాబోలు.

అన్నయ్య వంగి ఆ పాదం వంక చూశాడు. "క్లచ్," అన్నాడు.

ఎడమ కాలితో క్లచ్ తొక్కినట్టు కబురు అందితే తప్ప స్టార్టరు తిరగని బండి అది. తీగను లోపలికి లాగి, పెడలు పైనున్న స్విచ్చికి తగిలించింది. డ్రైవరు సీట్లో కూర్చుంది. అన్నయ్య తలుపు పట్టుకున్నాడు.

"జరుగవే, స్టార్టు చేసేది నేను..."

"పేరెవరిది?"

"నీదే."

"అయితే తలుపెయ్యి."

బోసి పాదాన్ని చేత్తో ఎత్తి పెడలు మీద పెట్టుకుంది. దాన్నే చూస్తూ తొడతో తోసింది. తాళం తిప్పింది. ఒకసారి దగ్గి, రెండోసారికి ఇంజను అందుకుంది. వీధంతా పొగ.

"అన్నయ్యా, నేను కాలు చూసుకుంటున్నా. ముందు దారి నువ్వు చూసి చెప్పు!"

ఆయన బండి పక్కనే పరుగెత్తుతూ "పోనీ... పోనీ... ఆపు!" అని అరిచాడు. పది గజాలు ముందుకు. "ఇప్పుడు వెనక్కి!" పది గజాలు వెనక్కి. పెయింటరు ఈల వేశాడు.

ఆఫీసరు మొహం చిట్లించాడు. "కాలు చూసుకుంటూ నడిపితే ఎలాగమ్మా?"

"కాగితంలో పది గజాలన్నారు. ఎటు చూస్తూ నడపాలో ఎక్కడ రాశారో చూపించండి."

ఆయన కాగితం రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవబోయి, సంతకం పెట్టేశాడు. లారీ ఖాళీగా వెళ్లింది.

తరవాత ఏడాదిపాటు రోజూ షెడ్డు ముందు ఆ కారు ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంది. పాదం ఎక్కడుందో తొడకు కంఠతా వచ్చి, కళ్లు రోడ్డు మీదికి వచ్చాకే ఆవిడ లైసెన్సుకు వెళ్లింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ స్టీరింగు ఇంకొకరికి ఇవ్వలేదు.

పిల్లలూ, రేపు మీకూ పిల్లలు పుడితే ఈ కథ వాళ్లకు చెప్పండి. చెప్పేటప్పుడు కాలు బాగైపోయిందని మాత్రం కలపకండి. వినేవాళ్లు అదే అడుగుతారు, అయినా కలపకండి. అది బాగవలేదు. ఆవిడ ఆ కాలుతోనే నడిపింది.