దించని గంపలు

జిల్లా బోర్డు ఎన్నికకు మా పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చడానికి తాలూకా అధ్యక్షుడు కూర్మనాథం టెక్కలి సంతరోజునే సభ పెట్టాడు. ఊరికే పెట్టలేదు. ఆ రోజు అతని వైపు రైతులంతా టెక్కలిలోనే ఉంటారు. పోటీకి దిగిన ఈశ్వరరావును కోరుకునే భావనపాడు జాలర్లు సముద్రం మీద ఉంటారు. సభకొచ్చి చెయ్యెత్తితేనే ఓటు.

ఆ ఎత్తు చూసి నాకు ఒళ్లు మండింది. నిలబడాలని కూర్మనాథానికే ఉంది. సంతలో ఆశీలు, అంటే సరుకు మీద పన్ను, వసూలు చేసే హక్కు వేలంలో పాడుకున్నది అతని బావమరిది. గంప నేలకు దించితే చాలు, సరుకు అమ్ముడుపోయినా పోకపోయినా ఆశీలు కట్టాల్సిందే. ఎండుచేపలమ్మే ఆడవాళ్ల కష్టమంతా అందులోకే పోయేది. బోర్డులోకి వెళితే దాన్ని ఎత్తేయిస్తానని ఈశ్వరరావు మాటిచ్చాడు. ఆస్తి లేని వాళ్లకు సర్కారు ఓటివ్వలేదు గానీ పార్టీలో ఓటుంది.

పెద్దమనిషి కూర్మనాథం ఒకటి మరిచాడు. భావనపాడులో వేట మగవాళ్లది, అమ్మకం ఆడవాళ్లది, డబ్బుండేది వాళ్ల కొంగున. ఆమధ్య పార్టీ సభ్యత్వం పావలా వసూలుకు నేను అక్కడికి వెళ్లి మొగుడి పేరు రాయబోతే, ఎండుచేపలమ్మే నూకరత్నం ఆపింది.

"పావలా నాది బాబూ. పేరూ నాదే రాయి."

మిగతావాళ్లూ అంతే. అందుకే ఈసారి ఆమెకే కబురు పెట్టాను.

భావనపాడు నుంచి ఎవరూ రాలేదని కూర్మనాథం చెబుతుండగానే ఆడవాళ్లు బిలబిలమంటూ లోపలికొచ్చారు, నెత్తిన ఎండుచేపల గంపలతో. సభలో కొందరు ముక్కు మూసుకున్నారు. సభ్యులు కారనడానికి వీల్లేక, గంపలు బయట దించి రమ్మన్నాడు కూర్మనాథం. వాకిట్లో ఆశీలు మనిషి కాచుకుని ఉన్నాడు.

"దించితే ఆశీలు కట్టాల. దించం," అంది నూకరత్నం. "సెయ్యెత్తడానికి గంపేటి అడ్డం?"

ఈశ్వరరావు పేరు అడగగానే ఒక చేత్తో గంప పట్టుకుని రెండో చెయ్యి ఎత్తారు అందరూ. నాకు కళ్లు చెమర్చాయి. కూర్మనాథం రెండుసార్లు లెక్కపెట్టించినా ఈశ్వరరావే గెలిచాడు.

అతను నవ్వుతూ వచ్చి దణ్ణం పెట్టి, ఇక నిశ్చింతగా ఇళ్లకు వెళ్లమన్నాడు. నూకరత్నం కదల్లేదు.

"సెయ్యి దించినాం బాబూ. గంప ఇంకా దించనేదు. ఇయాల ఈధుల్లో తిరిగి అమ్ముకుంటాం. ఆశీలు పోయినాకే సంతలో దించుతాం. అందాకా నీ పతీ సభకీ ఇలాగే వత్తాం."

ఈశ్వరరావు నవ్వు ఆగిపోయింది. ఆగితేనే మంచిదనుకున్నాను.