చెలమ నీళ్లు

మా గూడేనికి చేతిపంపు ఒక్కటే దిక్కు. ఆ నీళ్లు తాగీ తాగీ నా బిడ్డ శ్యామల కాళ్లు దొడ్డికాళ్లయ్యాయి. బడి మెట్టు ఎక్కాలంటే గోడ పట్టుకుంటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నట్టుంది, ఆ నీళ్లు మాన్పించు అని దవాఖానాలో డాక్టరమ్మ చెప్పింది. మాన్పించి ఏం తాగించాలో మాత్రం చెప్పలేదు.

గోదావరి నీళ్ల పైపు టేకులపల్లి దాటి మా పక్క ఊరిదాకా వచ్చి ఆగింది. పరీక్షలో ఏ ఊరి నీళ్లు చెడ్డవని తేలితే ఆ ఊరికే ముందు పైపు. అది సర్కారు రూలు. రూలు మంచిదే, కాదనను. ఆ పరీక్ష చేయించడానికే చెప్పులు అరిగేలా నీళ్ల ఆఫీసు చుట్టూ తిరిగాను.

చివరికి ఆఫీసు వాళ్లు వచ్చిన రోజున నేను జూలూరుపాడులో మిరప కోతకు పోయి ఉన్నాను. నా ఖర్మ. ఉదయ్ భాస్కర్ అనే సారు జీపు దిగి మా ఇంటి ముందు మంచం మీద కూర్చున్నాడట. పంపు దాకా నడవాలంటే ఎండ. మా అమ్మ జంపక్క చేతికి ఒక సీసా ఇచ్చి, "పెద్దమ్మా, పరీక్షకు పంపాలె. మీరు తాగే నీళ్లు పట్టుకరా" అన్నాడట.

ఆయన ఏమడిగాడో మా అమ్మకు బాగానే అర్థమైంది. కానీ మా గూడెంలో ఇంటికి వచ్చినవాళ్లకు పంపు నీళ్లు ఇవ్వరు. వాగు ఇసుకలో చెలమ తోడి, ఊరిన నీళ్లు గుడ్డలో వడపోసి ఇస్తారు. ఒక్క చెంబు నిండాలంటే చాలాసేపు కాచుకు కూర్చోవాలి, అందుకే అవి చుట్టాలకే. అమ్మ సీసా పట్టుకుని వాగుకు పోయింది. సారు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఇంతసేపు ఎక్కడికి పోయావని కూడా అడగకుండా సీసా మీద మా ఊరి పేరు రాసుకుని పోయాడు.

ఇవేవీ తెలియక, పరీక్ష ఫలితం వచ్చిందంటే నేను ఆశగా ఆఫీసుకు పోయాను.

"మీ నీళ్లు ఫస్ట్ క్లాస్ ఉన్నయ్ రమణా" అన్నాడు ఉదయ్ భాస్కర్. "పైపు వేరే గూడేనికి పోతది."

"మరి నా బిడ్డ కాళ్లేంది సారూ?"

"కాల్షియం తక్కువై ఉంటది. మంచిగున్నయని ఒకసారి ఆన్‌లైన్ల ఎక్కినంక నా చేతుల ఏం లేదు. మళ్ల విడతల చూద్దాం."

మళ్లీ విడత దాకా పిల్ల ఏం తాగాలి? ఆ మాట అడిగితే ఆయన ఫోన్ ఎత్తుకున్నాడు.

సీసా నింపింది అమ్మేనని గూడెంలో విని ఇంటికి వచ్చి, "సీసల ఏ నీళ్లు పోసినవే?" అని అమ్మను నిలదీశాను.

"చెలమ నీళ్లు బిడ్డా. ఇంటికొచ్చిన మనిషికి పంపు నీళ్లు ఎట్లిస్త? గూడెం ఇజ్జత్ పోదా?"

ఒళ్లు మండిపోయింది. ఆమె మీద, నాలుగడుగులు వేయని ఆ సారు మీద, సీసాను తప్ప పిల్ల కాళ్లను చూడని ఆ రూలు మీద.

"పరాయోనికి పోయనీకి సిగ్గయిన నీళ్లు, మన పిల్లకు రోజూ ఎట్ల పోస్తున్నవే?" అని అరిచాను.

అమ్మ శ్యామల కాళ్ల వంక చూసింది.

"అది మన పిల్లే గదరా" అంది.