ఎడమ తలుపు మీద సొట్ట

కరుణ పుట్టింటికి వెళ్లి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో భర్త పరమేశ్ ఆమెకు ఎన్నిసార్లు ఫోన్ చేశాడో చెప్తే అతనికే సిగ్గు. రింగవుతుంది, ఆగిపోతుంది. ఒక్కసారి మాత్రం ఎత్తింది.

"చిన్నోడు మందలనే ఉన్నడు కరుణా. నేను అమ్మలే" అన్నాడు ఆత్రంగా.

"బక్రీద్ అయిపాయె. ఇంక ఎవలకు చెప్తవ్" అని పెట్టేసింది. ఫొటో పంపితే, 'పాతది' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది.

చిన్నోడంటే నల్ల పొట్టేలు. పుట్టిన మూడోనాడే తల్లి చచ్చిపోతే, కరుణే సీసాతో పాలు పట్టి, ఒళ్లో పడుకోబెట్టుకుని పెంచింది. దడి సందులో ఇరుక్కుని ఎడమ కొమ్ము విరగ్గొట్టుకున్నప్పుడు వారం రోజులు పసుపు కట్టింది. అలాంటి పొట్టేలుకు బక్రీద్ ముందు బేరగాడు మంచి ధర పెట్టేసరికి పరమేశ్ ఇంట్లో మాటైనా చెప్పకుండా బయానాగా కొంత డబ్బు పుచ్చుకున్నాడు. గొర్రెల మీద బతికేవాళ్లు పొట్టేలును అమ్మడం తప్పేమీ కాదు, అమ్మకపోతేనే వింత. కానీ చెప్పకపోవడం తప్పే. ఆ సాయంత్రమే కరుణ తాండూరు బస్సెక్కింది. తెల్లారి చూస్తే చిన్నోడు మేత ముట్టకుండా గడపలో నిలబడి ఉన్నాడు. పరమేశ్ అప్పటికప్పుడే బేరగాడి దగ్గరికి పోయి బయానా తిరిగిచ్చేశాడు. ఇచ్చి ఏం లాభం, నమ్మాల్సిన మనిషి నమ్మలేదు.

ఇల్లు బోసిపోయింది. రెండు పూటలా అన్నం వండుకుంటున్నాడు, తింటున్నాడు, కానీ ఎప్పుడూ ఇద్దరికి సరిపడా బియ్యమే పోస్తున్నాడు.

ఇంక లాభం లేదని కారు సంగతి ఆలోచించాడు. పెళ్లినాడు అద్దెకారు వెనక సీట్లో, ఇద్దరు ఆడబిడ్డలకీ ఒక స్టీలు బిందెకీ మధ్య నలిగిపోతూ అత్తారింటికొచ్చింది కరుణ. "ఎప్పటికన్న ఒక్కసారి ముందట సీట్ల కూసోని, అద్దం దించుకోని పోవాలె" అనేది. పరమేశ్‌ది డీసీఎం వ్యాను నడిపే చెయ్యి, లైసెన్సుంది. ఆదివారం పొద్దున్నే వికారాబాద్ వెళ్లి, డ్రైవరు లేకుండా కార్లు అద్దెకిచ్చే రూపేష్ దగ్గర ఓ నల్ల కారు మాట్లాడుకున్నాడు.

రూపేష్ షావుకారి ఇంటి పిల్లవాడు. మాట తియ్యన, కాగితం చేదు. కారు చుట్టూ తిరిగి వీడియో తీసుకుంటూనే షరతులు చెప్పాడు.

"ఇన్సూరెన్స్ ఉంది అన్నా, ఫికర్ లేదు. కని గీత వడ్డా, సొట్ట వడ్డా మొదటి ఎనిమిది వేలు నీయే. ఆపైన అయితేనే కంపెనీ ఇస్తది. డిపాజిట్ గందుకే."

"చిన్న సొట్టకు అంతయితదా?"

"ఎంతయితే గంతే పట్టుకుంట. ఇంకో మూడు వందలు కడితే గది గూడ మాఫీ. కడ్తవా?"

పరమేశ్ నవ్వాడు. "రెండు వందల గొర్లను రోడ్డు దాటించినోన్ని. ఒక్క కారును తాండూరు దాంక తోలుకపోలేనా?"

"నీ ఇష్టం. దెబ్బ తాకితే మాత్రం ఎట్ల తాకిందో ఉన్నదున్నట్టు చెప్పాలె. దాస్తే మొత్తం నీ నెత్తి మీదనే."

బస్టాండు దగ్గర ఆ రోజు పేపరు కొన్నాడు. అతని ఎత్తు అతనిది. చిన్నోడి పక్కన ఆనాటి పేపరు పట్టుకుని వీడియో తీస్తే, కరుణ పాతదని ఎలా అంటుంది? ధారూర్ దాటి పెద్దేముల్ దారి పట్టాక, రోడ్డు పక్క బీడులో తమ్ముడు శ్రీశైలం మందను మేపుతూ కనిపించాడు. కారు ఆపాడు.

గొర్లకాపరికి ఎవరూ నేర్పక్కర్లేని సంగతి ఒకటుంది. పొట్టేలుకు అద్దం చూపకూడదు. ఎదురుగా నిలబడి తన కళ్లలోకే చూసే ఇంకో పొట్టేలును అది ఓర్వదు. ఇదంతా తెలిసిన పరమేశే, రూపేష్ తళతళలాడేటట్టు తుడిపించిన ఎడమ తలుపు ముందర చిన్నోణ్ణి నిలబెట్టి, తీరిగ్గా పేపరు మడత విప్పుతున్నాడు. ఆత్రపు పెళ్లికొడుకు అత్త మెళ్లో తాళి కట్టాడట, అలా ఉంది వ్యవహారం.

చిన్నోడు తలుపులోకి చూశాడు. ఐదడుగులు వెనక్కి వేశాడు.

"అన్నా, పట్టు" అన్నాడు శ్రీశైలం.

పట్టేలోపే అయిపోయింది. ముందు తలుపు మీద చిప్పంత సొట్ట, దాని పక్కనే పొడుగాటి గీత. పిడి లాగితే తలుపు రాలేదు. కరుణ కూర్చోవాల్సిన పక్కే అది.

"బైకోడు గుద్ది పోయిండని చెప్పు. నంబరు చూడలేదను" అన్నాడు శ్రీశైలం.

పరమేశ్‌కి అదే మంచిదనిపించింది. పొట్టేలు పొడిచిందంటే రూపేష్ నవ్వుతాడు, నవ్వి ఎనిమిది వేలూ పట్టుకుంటాడు; బైకోడి తప్పంటే కొంతైనా వదులుతాడేమో. ఆ దిగులుతోనే తాండూరు చేరి, అత్తగారింటి ముందు కారు ఆపాక గుర్తొచ్చింది, వీడియో తీయనేలేదు. పేపరు ఆ బీడులోనే ఎగిరిపోయి ఉంటుంది.

అత్త రుక్కమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. "కారు కొన్నరా అల్లుడా?"

"కిరాయిది అత్తా."

కరుణ గడప దాటి రాలేదు. నాలుగు నెలల తర్వాత ఆ మొహం చూశాడు. మనిషి చిక్కింది. అడుగుదామనుకున్నాడు, అడిగే హక్కు ఉందో లేదో తెలియలేదు.

"ఇంటికి పోదాం కరుణా" అన్నాడు.

"చిన్నోడు ఉన్నడా?"

"ఉన్నడు. నీ మీద ఒట్టు."

"నీ ఒట్లు నాకద్దు" అంది.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. రూపేష్. బండి ఎక్కడుందో కనుక్కుందామని చేశాడు. పరమేశ్ కారు పక్కకు నడిచి గొంతు తగ్గించాడు. "జర ఎడమ తలుపుకు సొట్ట వడ్డది తమ్మీ. బైకోడు..."

సొట్ట అన్న మాట విని కరుణ గడప దిగింది. కారు చుట్టూ వచ్చి తలుపు ముందు ఆగింది. సొట్టలో అరచెయ్యి పెట్టింది. గీత వెంబడే వేలు పోనిచ్చింది. రెండు కొమ్ములదైతే గీతలు రెండు పక్కలా ఉండాలి. ఇది ఒక్క పక్కే ఉంది. కిందికి వంగి చూస్తే తలుపు సందులో నాలుగు నల్ల వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. వాటిని తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ల నిండా నీళ్లొచ్చాయి.

చెయ్యి చాచి అతని దగ్గర్నుంచి ఫోన్ తీసుకుంది.

"బైకు గాదు తమ్మీ. మా పొట్టేలు పొడిసింది. దానికి ఎడమ కొమ్ము లేదు, గీత చూస్తే నీకే ఎరుకైతది. గట్లనే రాసుకో. ఎంతయితే గంత పట్టుకో."

ఫోన్ తిరిగిచ్చింది. పరమేశ్ చెవిలో ఆ ఒక్క మాటే నిలిచింది. 'మా పొట్టేలు' అంది.

"ఎప్పుడు పొడిసిండు?" అని అడిగింది.

"ఇయ్యాల్నే. గంటయితుంది."

"దెబ్బ తాకిందా?"

"తలుపే మొత్తం పోయింది. ఎనిమిది వేలు..."

"తలుపు సంగతి ఎవలడిగిన్రు?" అంది కరుణ.

"వానికేం గాలే. మల్ల పొడుస్తానికి చూస్తుంటే తమ్ముడు పట్టుకున్నడు."

ఆమె లోపలికి వెళ్లి సంచీతో వచ్చింది. పరమేశ్ వెనక తలుపు తెరిచి పట్టుకుని, "ముందటిది వస్తలేదు" అన్నాడు తల దించుకుని. కరుణ ఆ తలుపు వంక చూడనైనా చూడలేదు. డ్రైవరు పక్కనుంచి ఎక్కి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, గేరు రాడ్డు దాటి ముందు సీట్లో కూర్చుంది. మీట నొక్కితే అద్దం సగం దాకా దిగి మొరాయించింది.

"గింత సాలు" అంది. నల్ల వెంట్రుకలు ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉన్నాయి. "ముందుగాల మంద కాడికి పోనియ్."