ఆల్బంలో పట్టని పాట

మహదేవపురలోని తన ఫ్లాటులో కాత్యాయని పొద్దున్నే కాఫీ కలుపుకుని, మ్యూజిక్ కంపెనీవాళ్లు పంపిన నమూనా రికార్డును ప్లేయర్ మీద పెట్టింది. ఆఫీసు కాల్ మొదలయ్యేలోపు విని సరేననాలి.

ఒకప్పుడు ముగ్గురు స్నేహితులు కలిసి ప్రయోగాల బ్యాండొకటి నడిపారు. కాత్యాయని పాడేది. లలిత్ వయొలిన్‌ని దువ్వెనతో గీకి వాయించేవాడు. చందాపురలో వెల్డింగ్ షాపున్న మునినారాయణప్ప ఇనప రేకుల మీద దరువేసేవాడు. వాళ్లు చేసిన ఒకే ఒక్క ఆల్బంలో ఒక పాట పట్టక మిగిలిపోయింది. తర్వాత ఆల్బం మళ్లీ విడుదలైనప్పుడల్లా ఆ పాటని చివర్లో చేర్చేవారు.

ఎవరూ మళ్లీ రికార్డు చేయకపోయినా ఆ పాటకి వాళ్లతోపాటే వయసు పెరిగేది. మొదటిసారి కాత్యాయని గొంతులో అప్పటికి వచ్చిన జీర వినిపించింది. అభిమానులు పాతదీ కొత్తదీ రెండూ కొనుక్కున్నారు. రెండోసారి నమూనాలో లలిత్ వయొలిన్ మధ్యలో ఆగిపోయింది. తయారీలో లోపమనుకున్నారు. ఆ రికార్డు బజారుకు రాకముందే లలిత్ నిద్రలో పోయాడు.

ఇది మూడోసారి. పాట సగానికి వచ్చేసరికి రేకుల దరువు తడబడింది. మళ్లీ అందుకుంది. ఆగిపోయింది. ఆమె గొంతొక్కటే ముందుకు సాగుతోంది.

వేడి కాఫీ కాలి మీద ఒలికినా కాత్యాయనికి తెలియలేదు. పాట చివరిదాకా వినకుండానే మునినారాయణప్పకి ఫోన్ చేసింది.

"ఏమక్కా, ఇంత పొద్దున్నే?" అన్నాడు మునినారాయణప్ప.

"ఎలా ఉన్నావు మునీ?"

"బాగుండాను. దవడ లాగతా ఉండాది, అంతే. గ్యాసనుకుంటా."

"నేత్రకి ఫోనివ్వు."

అతని భార్య నేత్రావతి ఫోన్ తీసుకుంది.

"పాటలో మీ ఆయన దరువు ఆగిపోయింది నేత్రా."

లలిత్ సంగతి నేత్రావతికి తెలుసు. షాపు షట్టర్ దడేలుమని కిందికి దిగిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది.

"లెయ్యప్పా, ఆటో ఎక్కు."

"గేటు పని సగంలో ఉండాది..."

"ఉండనీ. ఎక్కు."

ఆసుపత్రి మెట్ల మీదే అతను కూలిపోయాడు. లోపల డాక్టర్లు గుండెకి కరెంటు పెడితే ఒళ్లు మంచం మీద ఎగిరి పడింది. తలుపు అద్దంలోంచి నేత్రావతి అదంతా చూసింది. కాత్యాయని పరుగున వచ్చేసరికి ఆమె మొగుడి చెప్పులు చేత్తో పట్టుకుని, రెప్ప వేయకుండా నిలబడి ఉంది.

"బతికినాడంట అక్కా," అంది. ఆ మాట తనే అన్నదని ఆమెకింకా తెలిసినట్టు లేదు.

అతను ఇంటికొచ్చాక, వినిపించమని పట్టుబడితే కాత్యాయని రికార్డునీ ప్లేయర్‌నీ చందాపురకి తెచ్చింది. దరువు ఆగినచోట ముగ్గురూ బిగుసుకుపోయారు. నేత్రావతి భర్త మణికట్టు పట్టుకుంది. పాటలో గొంతు ఒంటరిగా ఒక చరణం పాడింది. ఆ తర్వాత రేకుని గోటితో తాకినట్టు సన్నగా ఒక దెబ్బ. కాస్త ఆగి, ఇంకొకటి.

"ఇంత మెల్లగా వాయిస్తా ఉండావే?" అంది నేత్రావతి.

"డాక్టరు అట్లే చెప్పినాడు కదా," అన్నాడు మునినారాయణప్ప.