కొలిమిగుట్టపల్లె ఏడో తరగతి

మా గైడు సౌందరరాజన్ గారి దృష్టిలో పరిశోధన అంటే మూడు వందల ప్రశ్నావళులు. రెండు వందల తొంభై తొమ్మిదైతే అది పరిశోధన కాదు. ఆ మూడు వందలకూ జవాబులు ఎవరు రాశారన్నది మాత్రం ఆయన ఎన్నడూ అడిగేవారు కాదు.

ఎం.ఎడ్. అయ్యాక 1980లో నేను తిరుపతిలోని ఒక విద్యా పరిశోధన కేంద్రంలో చేరాను. మొదటి ఏడాది అందరికీ చిన్న భత్యం ఇచ్చేవారు. రెండో ఏడాది నుంచి నెలకు నాలుగు వందల ఫెలోషిప్పు, హాస్టల్లో గది, ఊళ్ళు తిరగడానికి బస్సు చార్జీలు. అయితే అది ఒక్కరికే. ఆ ఏడాది పోటీలో ఇద్దరం మిగిలాం, నేనూ సంపత్‌కుమారూ. అది రాకపోతే నా చదువు అక్కడితో ఆగిపోతుంది. వేరుశనగ వేసిన రెండెకరాల్లోంచి ఇంకో ఏడాది నన్ను తిరుపతిలో ఉంచడం తనవల్ల కాదని మా నాయన ముందే చెప్పేశాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

నా విషయం, పల్లెల్లో ఆడపిల్లలు అయిదో తరగతి తర్వాత బడి ఎందుకు మానేస్తారు. సంపత్‌కుమార్ విషయం, ఆరు ఏడు తరగతులు చదివే పల్లెటూరి ఆడపిల్లల ఆశయాలు. ఇద్దరికీ ప్రశ్నావళి ఒకటే. సౌందరరాజన్ గారు పదేళ్ళ కిందట ఏదో విదేశీ పుస్తకంలోంచి తెలుగు చేసి సైక్లోస్టైల్ తీయించి పెట్టుకున్నారు. బీరువా నిండా అవే ఉండేవి కాబట్టి ఎవరు ఏ విషయం మీద చేరినా అవే ఇచ్చేవారు. నలభై రెండు ప్రశ్నలు. ‘మీ ఇంట్లో మీకు ప్రత్యేకంగా చదువుకునే గది ఉందా? ఉంటే అందులో వెలుతురు చాలినంతగా ఉందా?’ ఇది ఆరో ప్రశ్న. ‘వృత్తి ఎంపికను గురించి మీ తల్లిదండ్రులు మీతో ఎంత తరచుగా చర్చిస్తారు?’ ఇది పంతొమ్మిదోది.

నేను పాకాల చుట్టుపక్కల పల్లెలు తిరిగాను. బడి మానేసిన పిల్లలు బళ్ళో దొరకరు. కలుపు చేల దగ్గర, రాళ్ళు కొట్టే చోట, బావుల దగ్గర దొరుకుతారు. వాళ్ళకు నేనే చదివి వినిపించాలి, నేనే రాసుకోవాలి. ఆరో ప్రశ్న అడిగితే ఒక పిల్ల తన చెల్లెలి వైపు చూసి నవ్వింది. పంతొమ్మిదోదానికి ఇంకో పిల్ల, “వృత్తి అంటే ఏందక్కా?” అని నన్నే అడిగింది. ఆ నలభై రెండు ప్రశ్నలూ అయ్యాక కాగితం వెనక్కి తిప్పి, అసలు ఎందుకు మానేశావని నా మాటల్లో అడిగేదాన్ని. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకునేదాన్ని. ఆరో తరగతికి వంక దాటి పోవాలని, నీళ్ళొస్తే అవతలే ఉండిపోవాలని ఒకరు. పెద్దమనిషైనాక బళ్ళో దొడ్డి లేదని ఒకరు. సారే రాకపోతే మేమెందుకు పోవాలని ఇంకొకరు. ఒక్కొక్కరితో ఒక పూట పట్టేది. ఎనిమిది నెలల్లో తొంభై నాలుగు పూర్తయ్యాయి.

సంపత్‌కుమార్‌కు మూడు వందలూ పన్నెండు రోజుల్లో పూర్తయ్యాయి.

ఎలా పూర్తయ్యాయో కేంద్రంలో అందరికీ తెలుసు. అది అక్కడి ఆచారం. ఎవరి గడువు దగ్గర పడితే వాళ్ళ గదిలో మిగతావాళ్ళు చేరతారు. బజ్జీలు, టీ తెప్పిస్తారు. నీలం సిరా, నల్ల సిరా, రెండు రకాల పెన్సిళ్ళు పెట్టుకుంటారు. పల్లెటూరి పిల్లల రాతలా ఉండాలని ఎడమ చేత్తో రాస్తారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘ఫీల్డుకు పోవడం’. “రేపు నా గదిలో ఫీల్డు ఉండాది, రాండప్పా” అని పిలుచుకునేవారు. హెడ్మాస్టర్ల ముద్రలు కావలసి వస్తే రబ్బరు స్టాంపులు చేసేవాడి దగ్గర ఒకేసారి డజను చేయించుకునేవారు. ఎనిమిది నెలలు ఎండలో తిరిగిన నన్ను చూసి వాళ్ళు జాలిపడేవారు. ఆ జాలి నటన కాదు. పాపం, ఈ అమ్మాయికి ఎవరూ పని నేర్పలేదని వాళ్ళు నిజంగానే అనుకున్నారు.

ఫెలోషిప్పు కమిటీ రావడానికి నెల ముందు సౌందరరాజన్ గారు నన్ను పిలిచి, నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని మెచ్చుకున్నారు. సంపత్‌కుమార్ కాగితాలన్నీ లెక్కగట్టి పట్టికలు వేసివ్వమన్నారు. పోటీలో ఉన్న ఇద్దరిలో ఒకరి పని ఇంకొకరితో చేయించడం ఆయనకు ఏమాత్రం వింతగా తోచలేదు. నేనూ సరేనన్నాను. ఆయన సంతకం లేకుండా నా కాగితం కమిటీ ముందుకే పోదు.

పట్టికలు వేస్తుండగా నలభయ్యో కాగితం దగ్గర మా ఊరి పేరు కనబడింది. కొలిమిగుట్టపల్లె ప్రాథమికోన్నత పాఠశాల, ఏడో తరగతి, ఇరవై ఎనిమిది మంది బాలికలు. కింద హెడ్మాస్టరు ముద్ర.

మా ఊళ్ళో ఏడో తరగతి లేదు. నేను అయిదు దాకా చదివింది ఆ బడిలోనే. ఒకటే గది, ఒకే అయ్యవారు, జయరావు గారు. ఆరు, ఏడు తరగతులు ఇచ్చామని మూడేళ్ళ కిందట జిల్లా నుంచి ఉత్తరువు వచ్చింది. గది రాలేదు, ఇంకో అయ్యవారూ రాలేదు. ఉత్తరువు మాత్రం జిల్లా ఆఫీసు జాబితాకు ఎక్కింది. సంపత్‌కుమార్ ఆ జాబితా ముందు పెట్టుకుని ఊళ్ళ పేర్లు ఏరుకున్నాడు. పాకాల నుంచి బస్సెక్కి ఒక్కసారి దిగి చూసినా తెలిసేది. అరవై ఇళ్ళున్న మా ఊళ్ళో ఇరవై ఎనిమిది మంది ఆడపిల్లలకూ వేరువేరు చదువుకునే గదులున్నాయని, వాటిలో వెలుతురు చాలినంతగా ఉందని ఆ కాగితాల్లో ఉంది. ఇరవై మంది డాక్టర్లవుతారట.

ఆ కట్ట తీసుకుని సౌందరరాజన్ గారి గదికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“లిస్టులో ఉందా లేదా, అది చెప్పమ్మా.”

“లిస్టులో ఉండాది సార్. ఊళ్ళో లేదు.”

“గవర్నమెంటే ఉందంటే మనం లేదని ఎట్లంటాం? మనం పరిశోధకులం, ఇన్‌స్పెక్టర్లం కాదు.” తర్వాత గొంతు మెత్తగా చేసి, “అతని సంగతి నీకెందుకు? నీవి తొంభై నాలుగే ఉన్నాయి. తొంభై నాలుగుతో నిన్ను కమిటీ ముందుకు తీసుకుపోతే నా పరువేం కావాలి? సోమవారానికి మూడు వందలు చేసి పెట్టు. ఆ తర్వాత నీ పేరు కూడా నేను గట్టిగానే చెబుతాను,” అన్నారు. నా దరఖాస్తు మీద అప్పుడే సంతకం పెట్టేసి, బీరువా తాళం తీసి, రెండు వందల ఆరు ఖాళీ కాగితాలు తానే లెక్కపెట్టి ఇచ్చారు. కూడికలు, తీసివేతలు ఆయనకు బాగా వచ్చు.

ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. వాళ్ళను తక్కువగా చూసే నేను ఆ రోజు ఏం చేశానో కూడా రాయాలి. పెన్ను తీసి రాయడం మొదలుపెట్టాను. కుడి చేత్తోనే రాశాను, నా కాగితాలన్నీ నా రాతలోనే ఉంటాయి కాబట్టి ఆ కష్టం కూడా లేదు. ఒక పిల్లకు తాయమ్మ అని పేరు పెట్టాను, పన్నెండేళ్ళు ఇచ్చాను. ఇంకొకతెకు ఆనందమ్మ అని పెట్టాను. గంటలో పదకొండు అయ్యాయి. చాలా తేలిక. ఎవరి కోసమూ గట్టు మీద కాచుకోనక్కర్లేదు, ఎవరూ నవ్వరు, ఎవరూ తిరిగి ప్రశ్న అడగరు. పన్నెండోది తీసేముందు ఊరికే వెనక్కి తిప్పి చూసుకున్నాను. బడి ఎందుకు మానేశావన్నదానికి పదకొండు మంది చేతా ‘ఆర్థిక ఇబ్బంది’ అనే అనిపించాను. పొలం గట్ల మీద నేను అడిగిన తొంభై నాలుగు మందిలో ఒక్కరు కూడా ఆ మాట అనలేదు. అసలు ఆ మాట వాళ్ళకు తెలియదు. అది సంపత్‌కుమార్ మాట, సౌందరరాజన్ గారి మాట. తలుపు వేసుకుని కూర్చుంటే నాకూ అదే వచ్చింది.

ఆ పదకొండూ చించేసి, తొంభై నాలుగే కట్ట కట్టుకుని సోమవారం కమిటీ ముందుకు వెళ్ళాను.

కమిటీలో ఇద్దరు. హైదరాబాదు నుంచి వచ్చిన సుబ్రమణ్యం గారు, ఆయన వెంట ఫైళ్ళు చూసే ఒక అధికారి. ఇద్దరూ ముందురోజే కొండకు వెళ్ళి వచ్చారు. సంపత్‌కుమార్ మేనమామ దగ్గరుండి దర్శనం చేయించాడట. ఇద్దరివీ గుండు తలలు. మధ్యాహ్నం రైలుకు వెళ్ళాలని, కాబట్టి మా ఇద్దరినీ కలిపే చూస్తామని అన్నారు.

సుబ్రమణ్యం గారు నా కాగితాలు తిప్పుతూ ఒకచోట ఆగారు. వంక గురించి చెప్పిన పిల్ల మాటలు రెండుసార్లు చదివారు. ముఖం కొంచెం మారింది. నాకు ఆశ పుట్టింది. ఆయన కాగితం మూసి, “బాగుంది, కథలాగుంది. డేటా ఏదమ్మా?” అన్నారు.

అంతమందే దొరికారని, అడిగినవాళ్ళనే రాశానని చెప్పాను. అధికారి నవ్వాడు. తర్వాత సంపత్‌కుమార్ వంతు. అతను నేను గీసిన పట్టికలు చూపిస్తూ ధారాళంగా మాట్లాడాడు. ఏ ఊళ్ళో పిల్లలు బాగా సహకరించారని అడిగితే, నోటికి వచ్చిన పేరు చెప్పాడు. కొలిమిగుట్టపల్లె. అక్కడి హెడ్మాస్టరు చెట్టు మీంచి కాయలు దింపించి టెంకాయ నీళ్ళు కూడా ఇచ్చాడని కలిపాడు. మా ఊళ్ళో టెంకాయ చెట్టు లేదు.

సుబ్రమణ్యం గారు నా దరఖాస్తు చూసి, “ఇది నీ ఊరే కదా? బడి అంత బాగుందా?” అని మాటవరసకు అడిగారు.

సౌందరరాజన్ గారు నావైపు చూశారు. ఆ చూపులో బెదిరింపు కూడా లేదు. నేను మాట్లాడనని ఆయనకు అంత నమ్మకం.

“ఆ బళ్ళో ఏడో తరగతి లేదు సార్,” అన్నాను. “ఆరూ లేదు. ఒకటే గది. ఆ ఇరవై ఎనిమిది మంది పిల్లలు యాడా లేరు.”

సంపత్‌కుమార్ కిటికీ వైపు చూశాడు. ఎవరూ కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంత గౌరవం మిగిలేది. అధికారి జిల్లా జాబితా తెరిచి, వేలు పెట్టి వెతికి, “ఉంది సార్, ప్రాథమికోన్నత పాఠశాలే,” అన్నాడు. సుబ్రమణ్యం గారు జాబితా చూశారు, నన్ను చూశారు, గడియారం చూశారు. ఆయనకు తెలిసిపోయింది. తెలిసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. తర్వాత ఆయన జాబితా మూసి, భోజనం ఏర్పాటు ఎక్కడని సౌందరరాజన్ గారిని అడిగారు.

ఫెలోషిప్పు సంపత్‌కుమార్‌కు ఇచ్చారు. బయటికి వచ్చాక అతను నా పక్కనే నడుస్తూ, కోపం లేకుండానే అడిగాడు.

“ఏం మునిలక్ష్మీ, అదేందో మీ ఊరని ముందే చెప్పింటే వేరే ఊరు రాసుకొనుంటాను కదా?”

అతని తప్పు అతనికి అంతవరకే కనబడింది.

మర్నాడు సౌందరరాజన్ గారు పిలిపించారు. భోజనం దగ్గర సుబ్రమణ్యం గారు ఒక మాట అన్నారట. సంపత్‌కుమార్ దాంట్లో అంకెలున్నాయి గాని ప్రాణం లేదని, ఆ అమ్మాయి కాగితాల వెనక ఉన్నటువంటి మాటలు కొన్ని చేరిస్తే గ్రంథం నిలబడుతుందని. అందువల్ల నా తొంభై నాలుగూ సంపత్‌కుమార్‌కు ఇచ్చేయాలి. ముందుమాటలో నాకు కృతజ్ఞతలు చెబుతారు. నెలకు వంద రూపాయలకు పట్టికలు వేసే పని కూడా ఇప్పిస్తారు.

ఇవ్వనన్నాను.

“కాగితాలు కేంద్రానివి కదమ్మా,” అన్నారాయన.

“కాగితాలు కావాలంటే కొత్తవి కొనిస్తాను సార్. రాసింది మాత్రం ఆ పిల్లలది.”

“అయితే నీకు రీసెర్చి పనికిరాదు.”

అవునన్నాను. చదువు మానుకుంటున్నానని దరఖాస్తు రాసిచ్చాను. అప్పుడు చిక్కు వచ్చింది. చేరినప్పుడు మా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో తీసి పెట్టుకున్నారు. గైడు సంతకం ఉంటేనే తిరిగి ఇస్తారు. అవి లేకపోతే నాకు పల్లెటూరి బళ్ళో ఉద్యోగం కూడా రాదు. గుమాస్తా పెంచలయ్య నన్ను పక్కకు పిలిచి, “ఎందుకొచ్చిన గొడవ పాపా, ఆ కట్ట ఆయన మొగాన పారేసి నీ సర్టిఫికెట్లు తీసుకొని పో. లేకుంటే ఆయన ఏండ్లయినా సంతకం పెట్టడు,” అన్నాడు.

నేను సౌందరరాజన్ గారి గది బయట బెంచీ మీద కూర్చున్నాను. పొద్దున పదింటికి వచ్చి సాయంత్రం అయిదింటి దాకా కూర్చునేదాన్ని. ఒడిలో కట్ట. ఎవరితోనూ మాట్లాడలేదు, గొడవ చేయలేదు. గట్ల మీద ఎనిమిది నెలలు కాచుకున్నదాన్ని, బెంచీ మీద కాచుకోవడం ఏపాటిది? మొదటి రోజు ఆయన నన్ను చూడనట్టు వెళ్ళారు. రెండో రోజు వెనక వాకిలి నుంచి వచ్చారు. మూడో రోజు ఎవరో పెద్దవాళ్ళు ఆయన్ను చూడడానికి వచ్చారు. వాళ్ళలో ఒకావిడ నన్ను చూసి, ఎవరమ్మా నువ్వు, ఎందుకు కూర్చున్నావని అడిగింది. నేను జవాబు చెప్పేలోపల సౌందరరాజన్ గారు కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వచ్చారు. నా కోసం ఆయన లేవడం అదే మొదటిసారి. జేబులోంచి పెన్ను తీసి, నిలబడే, గోడకు ఆనించి సంతకం పెట్టారు.

కాగితం చేతికిస్తూ, ఆవిడకు వినబడకుండా, “వాటిని పెట్టుకుని ఏం చేస్తావు?” అని అడిగారు.

నేను కట్టను చంకన పెట్టుకుని సర్టిఫికెట్ల కోసం ఆఫీసు వైపు నడిచాను. అవి ఆ పిల్లల మాటలని ఇంకోసారి చెప్పినా ఆయనకు అర్థమయ్యేది కాదు.