కుడి జేబు

తొమ్మిదో కట్ట కాగితాలు అచ్చు మెషిన్లోకి ఎక్కిస్తూ అతను మళ్లీ కాళ్లు ఎడంగా జరిపాడు. ప్యాంటు గుడ్డ తగిలితే చాలు, నిప్పు అంటుకున్నట్టుంది.

"ఏం బావా, గుర్రం దిగి వచ్చినట్టు నిలబడ్డావ్?" అన్నాడు పక్క బల్ల దగ్గర బైండింగు చేస్తున్న స్నేహితుడు.

నవ్వేశాడు. నవ్వక ఏం చెప్తాడు? పంటినొప్పైతే ఊరంతా చాటొచ్చు. మర్మస్థానంలో మంటంటే, వినేవాళ్ల కళ్లు ముందే తీర్పు చెప్పేస్తాయి. ఎనిమిది నెలల్లో ముగ్గురు డాక్టర్లకి చూపించుకున్నాడు. ఒకాయన చూడకుండానే మాత్రలు రాశాడు. ఇంకొకాయన గొంతు తగ్గించి, "బయట తిరుగుళ్లేమైనా...?" అన్నాడు. పందొమ్మిదేళ్ల కాపురంలో పరాయి గుమ్మం తొక్కనివాడికి తల కొట్టేసినట్టయింది. మూడో ఆయన అన్ని పరీక్షలూ చేయించి, ఏమీ లేదు, అంతా మీ మనసులోనే ఉందన్నాడు. మనసు తొడమీద పొక్కులు లేపుతుందా? అయినా భార్యకి అంటుకుంటుందేమోనని భయం. నడుంనొప్పని అబద్ధం చెప్పి ముందుగదిలో పడుకుంటున్నాడు. మొదట్లో ఎందుకని అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది. అదే అతనికి మంటకంటే ఎక్కువ బాధగా ఉంది.

మధ్యాహ్నం సెలవు పెట్టి, పనిబట్టలతోనే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాడు. తలుపు తోస్తే లోపల తల నెరిసిన ఆడమనిషి. గతుక్కుమని వెనక్కి తిరగబోయాడు.

"నేను చూడనిది మీ దగ్గరేమీ ఉండదు. రండి," అందావిడ.

లైటు దగ్గరికి లాక్కుని నిదానంగా చూసింది. "కుడివైపే ఎక్కువుంది. మధ్యలో ఎప్పుడైనా తగ్గిందా?"

"మా చెల్లెలింట్లో పదిరోజులున్నప్పుడు తగ్గిందండీ. అక్కడి నీళ్లు పడ్డాయనుకున్నా."

అతను విప్పి కుర్చీమీద వేసిన ప్యాంటు వైపు ఆవిడ చూసింది. "ఆ కుడి జేబులో ఏముంది?"

తీశాడు. గదంతా ఘాటు. "రోలర్లు తుడిచే గుడ్డండీ. చేతికందుతుందని మెషిన్‌వాళ్లందరం జేబులోనే కుక్కుకుంటాం. ఇదివరకు కిరోసిన్‌తో తుడిచేవాళ్లం. ఎనిమిది నెలల కిందట కొత్త మందు తెచ్చారు. సిరా చిటికెలో పోతుంది."

"సిరాతోపాటు మీ చర్మమూ పోతోంది. అది జేబులోంచి లోపలికి దిగుతోంది." ఆవిడ చేతులు కడుక్కుని వచ్చింది. "ఇది ఎవరి నుంచీ రాలేదు, ఎవరికీ అంటుకోదు. పూతమందు రాస్తాను. మూడు వారాల్లో తగ్గకపోతే మళ్లీ రండి, ఇంకా వెతుకుదాం."

"అంటుకోదాండీ?"

"అంటుకోదు."

ఇంకోసారి చెప్పించుకున్నాడు.

ఇంటికెళ్లి స్నానం చేసి, సిగ్గు విడిచి భార్యకి అంతా చెప్పేశాడు.

"నేనంటే మొహం మొత్తిందనుకున్నా," అందామె. "నోరు తెరిచి ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయేది?"

అతనికి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆమె విసురుగా లేచి కత్తెర తెచ్చింది.

"చెప్తే వింటారా మీరు? రేపు మళ్లీ అందులోనే కుక్కుకుంటారు," అంటూ ప్యాంటు కుడి జేబు కుట్టుదాకా కత్తిరించి పారేసింది. తర్వాత ముందుగదిలోని అతని తలగడ చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది. అతనూ వెళ్లాడు.

ముందుగది నేలమీద ఆ జేబుగుడ్డ ఒక్కటే మిగిలింది, లోపలివైపు పైకి తిరిగి, సిరామరకలతో, ఇంకా కాస్త తడిగా.