మూడు విజిల్స్ చేపల పులుసు

మా ఇంట్లో అద్దెకు దిగాలంటే ఒకటే షరతు: నీసు వండకూడదు. కొర్లగుంటలో ఇల్లు కట్టిన నాటి నుంచీ అదే మాట. మాది కొట్టు నడుపుకునే కుటుంబం, కోడిగుడ్డు పగలగొట్టడం కూడా తెలియని వాళ్ళం. మా ఆయన పోయినా ఆ షరతు మాత్రం పోలేదు.

పక్క వాటాలో యోగానంద దిగాడు. యూనివర్సిటీలో గుమాస్తా, మాలాగే నీసు ముట్టని ఇంటి పిల్లవాడే, కాబట్టి అతనికి షరతు చెప్పే పనే పడలేదు. చెప్పాల్సింది అతని భార్య నవీనకు. సత్యవేడు దగ్గర రైతుల పిల్ల. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నారు. షరతు చెప్తే ఆ పిల్ల తలూపి, "సరేలే అవ్వా, నాకు నాలిక కంటే మొగుడే ముఖ్యం" అని నవ్వింది.

రెండేళ్ళు ఆ మాట మీదే ఉంది. మధ్యాహ్నం అంట్లు తోముకుని కనకాంబరాలు తెచ్చుకుని నా వసారాలో కూర్చునేది. ఆమె మాల కట్టేది, నేను మాట్లాడేదాన్ని. మా చెల్లెలి పెళ్ళిలో వాన పడి పందిరి కూలిన సంగతి నాలుగుసార్లు చెప్పుంటాను. నాలుగోసారి కూడా "అప్పుడేమైంది అవ్వా?" అని అడిగింది. నగరిలో ఉన్న నా కూతురు నెలకోసారి వస్తుంది గానీ, వచ్చినంతసేపూ గడియారం వైపే చూస్తుంది.

తొంభై ఎనిమిదిలో నవీనకు మూడో నెల. ఏం తిన్నా కక్కేసేది. ఒకరోజు స్తంభానికి ఆనుకుని, "అవ్వా, చేపల పులుసు తినాలని ఉండాది. కళ్ళు మూసుకుంటే అదే వాసన" అంది.

"ఈ ఇంట్లో ఎట్లా కుదురుతుందే? చింతకాయ తొక్కు నూరిస్తా, తిను" అన్నాను.

నవీన యోగానందను అడిగితే అతను కూడా, "అవ్వ ఇంట్లో ఉంటా అవ్వ మాట దాటలేం" అన్నాడు. ఆ పిల్ల గొడవ పడలేదు. సంచిలో రెండు చీరలు పెట్టుకుని సత్యవేడు బస్సెక్కింది. రెండు నెలలైనా రాలేదు. ఉత్తరాలకు జవాబు లేదు. ఫోను చేస్తే ఆమె నాయన మునిరామయ్య, "కడుపుతో ఉండే నా బిడ్డ తిండికి కూడా ఊర్లోవాళ్ళ సెలవు అడగాల్నా అప్పా?" అని పెట్టేశాడట.

తర్వాత కబురు వచ్చింది. బుధవారం కాన్పుల ఆస్పత్రికి చూపించుకోవడానికి వస్తుంది, సాయంత్రం ఇంటికి వచ్చి మిగిలిన బట్టలు తీసుకుపోతుంది అని. బట్టలన్నీ తీసుకుపోతే ఇక రానట్టే కదా.

ముందురోజు యోగానంద నా మెట్టు మీద కూర్చున్నాడు. "అవ్వా, ఒక్క పూటకి ఒప్పుకో. నేనే చేప వండతాను. అది తినిపించి, ఉండిపొమ్మని అడగతాను."

"నీకు వంట యాడొస్తాది?"

"నువ్వు చెప్పు. నేను చేస్తా."

అరవై ఏళ్ళు పొయ్యి ముందు కూర్చున్నదాన్ని, పులుసు ఏదైనా పులుసే కదా అనుకున్నాను. వండు నాయనా అన్నాను. అతని సంసారం కోసమే ఒప్పుకున్నాను అని చెప్పుకోవచ్చు గానీ, రెండు నెలలుగా నా వసారాలో నేనొక్కదాన్నే.

బుధవారం సెలవు పెట్టి, చేపలమ్మే తాయమ్మ దగ్గర కిలో బొచ్చె చేప కడిగించి తెచ్చాడు. నేను అతని వంటింటి గడప బయట, ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. చింతపండు పిసికించాను, మెంతులు వేయించాను, కొంచెం ఇంగువ కూడా వేయమన్నాను. ఇంగువ లేని పులుసు నేనెరగను.

"అవ్వా, పులుసు బాగా కాగినాక ముక్కలేసి రెండు పొంగులకే దించేయమనింది తాయమ్మ. గరిటె పెట్టొద్దనింది."

"రెండు పొంగులకి ఏం ఉడుకుతాది? కడుపుతో ఉండే పిల్లకి పచ్చిది పెడతావా?"

"ఆమె దినామూ అమ్మేదే కదవ్వా."

"ఆమె అమ్మేస్తే అయిపోయె. తినేది మన నవీన. ఆ ముక్క సూడు, కందగడ్డ మాదిరి ఎంత గట్టిగా ఉండాదో. కందకి కుక్కర్లో ఎన్ని విజిల్స్?"

"మూడు."

"దీనికీ మూడే."

మూడు విజిల్స్ వచ్చాయి. ఆవిరి పోయాక మూత తీసి లోపలికి చూశాడు. గరిటె పెట్టి అడుగు నుంచి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"అవ్వా," అన్నాడు మెల్లగా, "చేప యాడికి పోయింది?"

ముక్కన్నది లేదు. మట్టిరంగు జావలో ముళ్ళు తేలుతున్నాయి. ఆ ఆవిరి నా ముఖానికి కొట్టగానే పెరట్లోకి పరిగెత్తి కక్కుకున్నాను. తర్వాత వాకిలంతా పసుపు నీళ్ళు చల్లి, సాంబ్రాణి వేసి, మళ్ళీ గడప దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఇంకో చేప తెచ్చే పొద్దు లేదు.

చీకటి పడే వేళకు నవీన వచ్చింది. కాస్త పొట్ట కనబడుతోంది. బట్టల కోసం లోపలికి పోబోయి ఆగింది. వాసన చూసింది.

"ఈ ఇంట్లో చేపా? ఎవురు వండినారు?"

"నేనే," అన్నాడు యోగానంద. "చెడిపోయింది."

ఆమె కుక్కర్లోకి తొంగి చూసింది. కంచం పెట్టుకుని, అన్నంలో ఆ జావ కలిపి, ముళ్ళు ఒక్కొక్కటే ఏరి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఇంగువ ఏసినావా?"

"అవ్వ చెప్పింది."

"అబ్బో! మా ఊరి పిల్లికి ఇది పెడితే మా నాయన మీద పంచాయితీ పెడతాది." నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. యోగానంద ఆ కంచంలోంచే ఒక ముద్ద తీసుకుని మింగాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. వెంటనే గొంతులో ముల్లు దిగింది. కళ్ళు తేలేశాడు. ఆమె ఉత్త అన్నం పెద్ద ముద్ద చేసి అతని నోట్లో కుక్కి, "నమలాకు, మింగు, మింగు!" అని వీపు మీద చరిచింది. ముల్లు దిగిపోయింది. ఆమె చెయ్యి మాత్రం అతని వీపు మీదే ఉండిపోయింది. ఈమె ఇక బట్టలు సర్దదు అని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత నా దగ్గరికి వచ్చి నేల మీద కూర్చుంది.

"తిన్నావా అవ్వా?"

"ఒక్కపొద్దు."

"బుధవారం నీకేం ఒక్కపొద్దు?" తడి వాకిలి చూసింది, సాంబ్రాణి పొగ చూసింది, ఎర్రబడిన నా కళ్ళు చూసింది. "మా కోసం ఇంత కష్టం పడినావా? నేను ఆయనతోనే ఉంటానవ్వా. అయితే ఈడ కాదు, వేరే ఇల్లు సూసుకుంటాం."

"ఎందుకే? వండుకో. ఏం కావాలంటే అది వండుకో. నేనేం అనను."

ఆ మాట అన్నాను గానీ, అంటున్నప్పుడు కూడా పైట నా ముక్కు మీదే ఉంది. ఆమె దాని వైపే చూసింది.

"నువ్వు అనవు," అంది. "అందుకేనవ్వా."

పది రోజుల్లో బైరాగిపట్టెడలో ఇల్లు దొరికింది. రిక్షాలో పావుగంట దూరం. తప్పకుండా రమ్మని ఇద్దరూ నా కాళ్ళకు మొక్కి పోయారు. ఐదారు వారాలకు ఒక ఆదివారం బయలుదేరాను. ఆ పిల్లకు ఇష్టమని నువ్వుల ఉండలు చేసి డబ్బాలో పోసుకున్నాను. దారంతా చెప్పాల్సిన సంగతులు వరస పెట్టుకుంటూనే ఉన్నాను.

వాళ్ళ సందు మొదట్లోనే వాసన తగిలింది. ఈసారి వాసన సరిగ్గా ఉందో లేదో నాకెట్లా తెలుస్తుంది? కానీ రిక్షా ఇంటి దగ్గరికి వచ్చేసరికి తలుపు తీసి ఉంది, లోపల నవీన నవ్వు వినిపిస్తోంది, "గరిటె పెట్టాకన్నానా!" అని మొగుణ్ణి కసురుతోంది. నేను గడప తొక్కితే ఆ పిల్ల పొయ్యి ఆర్పేస్తుంది. గిన్నె మూసి పెరట్లో పెడుతుంది. వాకిలి కడుగుతుంది. ఆకలితో నా ముందు కూర్చుని నా మాటలు వింటుంది.

రిక్షా తిప్పమన్నాను.

"ఏమవ్వా, ఇల్లు దొరకలేదా?" అన్నాడు రిక్షా అతను.

"దొరికింది నాయనా," అన్నాను. "వాళ్ళు అన్నం తినే వేళ."